వైర్‌లెస్ అని రాసినవన్నీ బ్లూటూత్ కావు



స్కాలర్‌షిప్ పడంగనే మనలో చాలామందిమి కొనేది హెడ్‌ఫోన్. నిండిన హాస్టల్ రూంల వీడియో పాఠం వినాలంటే అది కావాలె. డబ్బా మీద వైర్‌లెస్ అని చూసి తెస్తం. కొన్ని మన ఫోన్‌కు కలవనే కలవవు.

ఎందుకంటే వైర్‌లెస్ అనేది ఇంటిపేరు. బ్లూటూత్ ఆ ఇంట్ల ఒకరి పేరు. బ్లూటూత్ ఫోన్‌లనే ఉంటది; ఒక్కసారి జత చేస్తే చాలు, దాదాపు 10 మీటర్ల దాకా వినొచ్చు. ఇంకో రకానికి డాంగిల్ అనే చిన్న యూఎస్‌బీ ముక్క వస్తది. దాన్ని కంప్యూటర్‌కు పెడితేనే పలుకుతది, పోగొడితే అంతే. రెండూ ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీదనే నడుస్తయి, కానీ భాష వేరు. గోండి, లంబాడీ ఒకే సంతల వినపడ్డట్టు. డాంగిల్ దాంట్ల శబ్దం ఆలస్యం తక్కువ, అందుకే గేములు ఆడేటోళ్లు కొంటరు.

కొండగట్టు నుంచి జగిత్యాలకో కరీంనగర్‌కో పోయినప్పుడు దుకాణంల ఇంగ్లిష్ పేరు చెప్తే మనం తల ఊపుతం. ఇంట్ల మొదలు కాలేజీకి వచ్చింది మనమే, అడుగుదామంటే ఎవ్వరు లేరు. కానీ ఆ పైసలు మన చదువుకు వచ్చినయి. అడగడానికి సిగ్గుపడొద్దు అని మేమంటం. "నా ఫోన్‌కు ఇక్కడనే కలిపి చూపియ్యిండ్రి" అనాలె. చూపియ్యకుంటే ఇంకో దుకాణం ఉంటది.

పైసలు తక్కువున్నయా? ఫోన్‌కు జాక్ ఉంటే వైరుదే మేలు. దానికి ఛార్జింగ్ బాధ లేదు.