వేదికల బాధ్యత ఎంత? రాయ్‌పూర్ కేసు మిగిల్చిన ప్రశ్న

రాయ్‌పూర్: సామాజిక మాధ్యమంలో వచ్చిన రాతకు రాసినవారే బాధ్యులా, దాన్ని లక్షలమందికి చేర్చిన వేదికకూ బాధ్యత ఉందా? 2021 మే 19న రాయ్‌పూర్ సివిల్ లైన్స్ పోలీసులు నమోదు చేసిన ‘టూల్‌కిట్’ కేసు ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. సమాధానం దొరకకుండానే కేసు ముగిసింది.

కాంగ్రెస్ పేరుతో నకిలీ పత్రాన్ని ప్రచారం చేశారంటూ ఎన్ఎస్‌యూఐ చేసిన ఫిర్యాదుపై మాజీ ముఖ్యమంత్రి రమణ్ సింగ్, భాజపా అధికార ప్రతినిధి సంబిత్ పాత్రాలపై కేసు పెట్టారు. అదే వారంలో పాత్రా ట్వీట్‌కు ట్విటర్ ‘వక్రీకరించిన సమాచారం’ అనే ముద్ర వేసింది. దీనికి ఆధారమేమిటో చెప్పాలంటూ ఢిల్లీ పోలీసులు నోటీసు ఇచ్చారు. మే 24న వారి బృందాలు ట్విటర్ కార్యాలయాలకు వెళ్లాయి. రాయ్‌పూర్ కేసు దర్యాప్తుపై ఛత్తీస్‌గఢ్ హైకోర్టు జూన్‌లో స్టే ఇచ్చింది. 2023 సెప్టెంబరులో ఎఫ్ఐఆర్‌ను కొట్టివేసింది.

ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ వేదికలకు రక్షణ కల్పిస్తుంది. అయితే సమాచారాన్ని అవి ఎంపిక చేయకూడదు, మార్చకూడదు. కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ ఆదేశం అందాకే తొలగించే బాధ్యత మొదలవుతుందని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 50 లక్షలకు మించి వినియోగదారులున్న వేదికలపై 2021 నిబంధనలు అదనపు బాధ్యతలు మోపాయి. వాటిని పాటించకుంటే రక్షణ పోతుంది.

ట్వీట్‌కు ముద్ర వేస్తే మూల వాక్యం మారదు. అయినా నిజానిజాలపై వేదిక తీర్పు చెప్పినట్టే అవుతుంది. అందుకు రక్షణ తొలగిస్తే వేదికలు అబద్ధాలను చూసీ మౌనం వహిస్తాయి. తొలగించకుంటే ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అధికారం వాటి చేతికొస్తుంది.

సామాన్యుడికి ఇంతకంటే పెద్ద చిక్కు కాలయాపన. గూగుల్ గ్రూప్స్‌లో 2008లో వచ్చిన రాతలపై విశాఖ ఇండస్ట్రీస్ సికింద్రాబాద్ కోర్టులో పరువునష్టం కేసు వేసింది. దాన్ని కొట్టివేయాలన్న గూగుల్ ఇండియా వినతిని 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తిరస్కరించాయి. 2009 సవరణకు ముందున్న 79వ సెక్షన్ పరువునష్టం కేసుల్లో రక్షణ ఇవ్వదని తేల్చాయి. విచారణ జరగవచ్చని తేలడానికే పదేళ్లు పట్టింది.

ఒక సంస్థకే ఇంత కాలం పడితే, పరువు పోయిన రాయ్‌పూర్ చిరువ్యాపారి ఏం చేయాలి? ఏది తొలగించాలో తేల్చే అధికారం కోర్టులదే కావాలి. కానీ ఆ ఉత్తర్వు రోజుల్లో అందకపోతే, చట్టం ఇచ్చిన రక్షణ వేదికకే మిగులుతుంది, బాధితుడికి కాదు.