వయసు ముందు పట్టేది కాళ్లనే

2025 జులైలో లాస్ వెగాస్‌లో 46 ఏళ్ల బాక్సర్ మ్యానీ పకియావ్, తనకంటే పదహారేళ్లు చిన్నవాడైన మారియో బారియోస్‌తో పన్నెండు రౌండ్లు పోరాడి డ్రా చేసుకున్నాడు. ‘పులి ముసలిదైనా పులే’ అని అభిమానులు మురిసిపోయారు. కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పే నేను మాత్రం స్కోరుకార్డులు చూశాను. చివరి మూడు రౌండ్లూ ముగ్గురు జడ్జీలు బారియోస్‌కే ఇచ్చారు.

వయసుతో ముందు తగ్గేది కాళ్ల చురుకే; పిడికిలి బలం త్వరగా పోదు. 1994లో 45 ఏళ్ల బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఒక్క కుడిచేతి దెబ్బతో హెవీవెయిట్ ఛాంపియన్ మైఖేల్ మూరర్‌ను పడగొట్టాడు. కానీ పకియావ్ ఆటంతా కొట్టి, కాళ్ల చురుకుతో చటుక్కున పక్కకు తప్పుకోవడమే. ఆ తప్పుకోవడం మందగిస్తే దెబ్బలన్నీ తలకే. 1980లో లారీ హోమ్స్‌తో పోరులో 38 ఏళ్ల మహమ్మద్ అలీకి జరిగిందదే.

పకియావ్ మంచికాలం దాటిపోయింది. బాక్సర్లకు లైసెన్సు ఇచ్చే కమిషన్లు పేరు చూసి కాదు, కాళ్లు చూసి సంతకం పెట్టాలి.