కువైటు రాజ్యాంగము – గోదావరి బిడ్డలు

ఒక దేశపు రాజ్యాంగము ఆ దేశీయులకే చర్చనీయము గాని పరులకు కాదని కొందఱందురు. కువైటు విషయమున ఈ మాట మనకు చెల్లదు. నరసాపురము, పాలకొల్లు, రాజోలు, అమలాపురము ప్రాంతములందు కువైటు పేరెఱుగని పల్లె యరుదు. ఈ పల్లెల తల్లులు అచ్చటి యిండ్లలో వంట చేయుచున్నారు, పరుల పసిబిడ్డలను పెంచుచున్నారు. వారి కన్నబిడ్డలిచ్చట అమ్మమ్మలయొద్ద పెరుగుచున్నారు. మనవారు ఏ శాసనమునకు లోబడి బ్రతుకుచున్నారో, ఆ శాసనమెట్లు పుట్టునో తెలిసికొనుట మన విధి.

ఆ రాజ్యము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1899లో షేక్ ముబారక్ ఆంగ్లేయులతో ఒడంబడిక చేసికొన్నది మొదలు 1947 వఱకు అచ్చటి ఆంగ్ల ప్రతినిధులు ఇండియా ప్రభుత్వపు టధికారులే. 1961 వఱకు రూపాయియే యచ్చటి నాణెము. 1938లో వర్తకప్రముఖుల యొత్తిడికి లోబడి ఏర్పడిన ప్రతినిధి సభను ఆ యేటి చివరనే ప్రభువు రద్దు చేసెను. అదే సంవత్సరమున మన ప్రక్కనే నైజాము రాజ్యమున స్టేటు కాంగ్రెసు పుట్టకముందే నిషేధింపబడెను. నిరంకుశత్వమునకు భాష వేఱు గాని బుద్ధి యొక్కటియే.

1961లో స్వతంత్రమైన కువైటు 1962లో రాజ్యాంగమును వ్రాసికొనెను. అందు అమీరు పదవి ముబారక్ సంతతికే చెందును; ప్రధానమంత్రిని నియమించువాడు అమీరే. ఇదంతయు రాజరికమే. కాని ప్రజలెన్నుకొను 50 మంది సభ్యుల సభయు నందే కలదు. మంత్రిని నిలువదీసి ప్రశ్నించు హక్కు, విశ్వాసము లేదని తీర్మానించు హక్కు ఆ సభకుండెను. సభ యంగీకరింపక శాసనము వెలువడరాదు. సభను రద్దుచేసినచో రెండు నెలలలో ఎన్నికలు జరుగవలెను. జరుగకున్న పాత సభయే మరల కూడును. 2005లో ఆ సభయే స్త్రీలకు వోటు నొసగెను. 2006లో వ్యాధిగ్రస్తుడైన అమీరును పదవినుండి తొలగించుటకు తీర్మానించెను. అరబ్బు రాజ్యములలో ఇట్టి సభ యరుదు.

ఆ సభ నేడు మూతవడినది. 1976లోను, 1986లోను సభను రద్దు చేసి యేండ్ల తరబడి ఎన్నికలు జరుపకుండిరి. 2024 ఏప్రిలులో ఎన్నికైన సభ యొక్కమాఱైనను కూడకమునుపే, మే 10వ తేదీన అమీరు షేక్ మిషాల్ దానిని రద్దు చేసి, రాజ్యాంగములోని కొన్ని నిబంధనలను నాలుగేండ్లకు మించని కాలము నిలిపివేసెను. సభకును మంత్రివర్గమునకును ఎడతెగని కలహము వలన రాజ్యము కుంటుపడినదని యాయన వాదము. కలహము నిజమే. కాని సైనికశాసన కాలమున దప్ప రాజ్యాంగమును నిలిపివేయరాదను నిబంధనయే నిలిపివేయబడిన వానిలో నొకటి! తాళమును తాళపుచెవిని కూడ ఒక్కని చేతబెట్టి, ఇల్లు భద్రముగా నున్నదనుట యెట్లు?

సభ యున్నప్పుడు మనవారి కొరిగినదేమని యడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. మనవారికి వోటు లేదు. పరదేశీయులు తగ్గవలెనని గొంతెత్తిన సభ్యులందు పెక్కురు. అయినను ఇంటిపనివారికై 2015లో ప్రత్యేక శాసనము చేసినది ఆ సభయే. పని దినమునకు 12 గంటలు మించరాదు. వారమున కొక్కదినము సెలవు. ఏటికి ముప్పది దినములు జీతముతో సెలవు. యజమాని పాసుపోర్టు నుంచుకొనరాదు. ఈ హక్కులు కాగితముమీద మిగులక ఆచరణకు రావలెనన్న మంత్రిని ప్రశ్నించు నోరుండవలెను. ఆ నోరు మూతవడినప్పుడు హక్కు దయగా మాఱును, ఇచ్చినవాడే తీసికొనవచ్చును.

అన్నిటికి మూలము ‘కఫాలా’ పద్ధతి. పనివాని నివాసానుమతి యజమాని పేరుతో ముడివడి యుండును. బాధకోర్వలేక గడప దాటిన యాడుదానిపై ‘పారిపోయిన’దను నేరారోపణ సిద్ధము. ఆమె న్యాయస్థానము మెట్లెక్కుటకు మున్నే స్వదేశమునకు వెడలగొట్టబడవచ్చును. మా వసారాకు అరబ్బీ కాగితము చేతబట్టుకొని వచ్చు తల్లులకు ఈ సంగతి చెప్పుటకు మాకు నోరు రాదు.

అయితే పరదేశపు దొరనే దూషించి యూరకుండుట తగదు. మనకు 1983 నాటి వలస చట్టము కలదు; ముప్పదియేండ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపరాదను నియమము కలదు. వీనిని దాటించి, సందర్శకుల వీసాపై మన యాడుబిడ్డలను విమానమెక్కించు దళారి మన యూరివాడే. వాని నెఱిగియు మౌనము వహించు అధికారియు మనవాడే. అన్నపూర్ణయని పొగడబడు ఈ డెల్టాలో, నెలకు కొన్ని దీనారములకై తల్లి బిడ్డను విడువవలసివచ్చుట ఎవరి లోపము?

మేము కోరునవి మూడు. ఒప్పందపత్రము తెలుగున చదివి వినిపింపక ఏ స్త్రీనైనను పంపరాదు. దళారులపై కేసులు పోలీసు ఠాణాలోనే చల్లారిపోక న్యాయస్థానమునకు రావలెను. కఫాలా సడలింపునకై భారత ప్రభుత్వము కువైటుతో గట్టిగా మాటాడవలెను. కువైటు పౌరునకు వోటు మరల ఎప్పుడు వచ్చునో అతడు చూచుకొనును. అచ్చట నోరులేని మనవారికి ఇచ్చట వోటున్నది, ప్రశ్నింపగల సభ లున్నవి. ఉన్న సభలో మనము ప్రశ్నింపనిచో, మూసివేసిన సభను చూచి జాలిపడు నర్హత మనకు లేదు.