ఊరుమ్మడి బావి, ఉమ్మడి మైక్రోస్కోపు

హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధన కేంద్రంలో ఖరీదైన మైక్రోస్కోపుల్ని పరిశోధకులు ఉమ్మడిగా వాడుకుంటారు. కంటి పొరల్ని కోయకుండానే లేజరు వెలుగుతో ఒక్కొక్కటిగా చూపే యంత్రాలున్న రోజులివి. మంచిదే, కాదనం. కానీ ‘ఉమ్మడి’ అంటే మాల మాదిగ పేటలకి ఒక అనుమానం. ఊరుమ్మడి బావి కూడా పేరుకి ఉమ్మడే! మహద్‌లో అందరి చెరువు నీళ్లు తాగడానికి 1927లో బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకు నడవాల్సొచ్చింది.

వడ్డాది చుట్టుపక్కల చెరుకు నరికేదెవరు? వరి నూర్చేదెవరు? ఆకు కోసుకున్నా, ఊక పడినా నల్లగుడ్డు మీద పుండు లేచి అందులో బూజు పెరగొచ్చు. పసరు పిండుకున్నా, ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నా పుండు ముదురుతుంది, కంట్లో పువ్వు వేస్తుంది. ఆ బూజుని పట్టడానికి లేజరు అక్కర్లేదు. పుండు మీద కొద్దిగా గీకి, గాజుపలక మీద మందుచుక్క వేసి మామూలు మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అన్నలారా, అక్కలారా! చోడవరం సర్కారు ఆసుపత్రికి వెళ్లి ఈ పరీక్ష ఉందా, లేదా అని అడగండి. లేకపోతే పదిమందీ కలిసి అర్జీ పెట్టండి. ఆ యంత్రం ముందు కూర్చునే చదువు మన పిల్లలకీ కావాలని అడగండి. కూలివాడి కన్ను నిలిచిన రోజే అది ఉమ్మడి.