పరుగు మనది, పరుగెత్తేవాళ్లు ఎవరివాళ్లు?

"నేను నా కోసం పరిగెడతాను. ఎవరెంత వేగంగా పరిగెత్తితే నాకేం?" హైదరాబాదులో తెల్లవారుజామున పరుగుకి వచ్చే ఆడవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనేవాళ్లు లోకం తెలియనివాళ్లు కారు. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టీములు నడిపేవాళ్లు, ఒకరిద్దరు మనలాగా రాసేవాళ్లు కూడా. ఏ షూ ఎన్ని వందల కిలోమీటర్లు మన్నుతుందో, హాఫ్ మారథాన్‌కి ముందురోజు రాత్రి ఏం తినాలో గంటసేపు చెప్పగలరు. దీప్తి జీవాంజి ఎవరని అడిగితే మాత్రం "బ్యాడ్మింటనా?" అంటారు.

ఈ మాట వినడానికి బాగుంటుంది. పోటీని కాదన్నట్టు ఉంటుంది, దేహం మీద హక్కు గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, మన పత్రికల భాషలోనే ఉంటుంది. అందుకే దీంతో నాకు పేచీ. ఇందులో 'నా కోసం' అనే ముక్క స్త్రీవాదం నుంచి వచ్చింది. 'నాకేం' అనే ముక్క మాత్రం ఇంకెక్కడి నుంచో వచ్చింది.

మొదటి ముక్కని నేను తక్కువ చెయ్యను. పొద్దున్న ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా ఇంటి చాకిరీకే పుట్టిందనుకునే ఆడమనిషి, వంటిల్లు ఇంకొకరికి వదిలేసి, చున్నీ లేకుండా రోడ్డెక్కడం చిన్న విషయమేమీ కాదు. ఆటలు చూడటం పట్ల మనకున్న విముఖతకి కూడా ఒక చరిత్ర ఉంది. మన ఇళ్లలో ఆట చూడటమంటే క్రికెట్ చూడటం. హాల్లో మగవాళ్లు కేకలు పెడుతుంటే వంటింట్లోంచి పకోడీలు అందించడమే ఆ ఆటలో మన పాత్ర. రిమోట్ వాళ్లది, పేపర్లో ఆటల పేజీ వాళ్లది. ఆ గదిలోంచి లేచి వచ్చేసినవాళ్లం మళ్లీ అందులోకి ఎందుకు వెళ్లాలి అంటే, న్యాయమైన ప్రశ్నే. కానీ లేచి వచ్చేటప్పుడు మగవాళ్ల క్రికెట్‌తో పాటు ఆడవాళ్ల పరుగుని కూడా అక్కడే వదిలేసి వచ్చాం. 'ఇతరుల కవిత్వం చదివితే నా గొంతు పోతుంది' అనే కవుల్ని సభల్లో చూస్తూనే ఉంటాం కదా. వాళ్ల మీద నవ్వుకునే మనం, పరుగు దగ్గరికి వచ్చేసరికి అచ్చం అదే మాట అంటున్నాం.

ఇంతకీ మన ఈ 'నా కోసం' పరుగు ఎక్కడిది? 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మొదటిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు, తొమ్మిదిమందీ గీత దాటారు. గెలిచిన జర్మన్ స్త్రీ లీనా రాద్కె ప్రపంచ రికార్డు పెట్టింది. పత్రికలు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలిపోయారని రాశాయి. మగవాడు రొప్పితే శౌర్యం, ఆడది రొప్పితే రోగం. ఆ రాతల్ని సాకు చేసుకుని ఆ పందేన్ని తీసేశారు. 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 200 మీటర్లకి మించిన పరుగు లేదు. 1966లో బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెట్టిన బాబీ గిబ్‌కి, ఆడవాళ్ల శరీరం అంత దూరానికి పనికిరాదని జవాబొచ్చింది. ఆమె పొదల చాటున నిలబడి, గుంపు కదిలాక అందులో కలిసిపోయింది. మరుసటేడు కేథరిన్ స్విట్జర్‌ని నిర్వాహకుడు రోడ్డు మీదే పట్టుకుని లాగబోయిన ఫోటో మనకి తెలుసు, మార్చి 8 వస్తే గ్రూపులన్నిటా తిరుగుతుంది. ఫోటో ఒక్కటే తలుపులు తెరవలేదు. ఓస్లోలో బడిపంతులమ్మగా పనిచేసిన గ్రేటె వైట్జ్ 1979లో న్యూయార్క్‌లో రెండున్నర గంటల లోపు మారథాన్ పూర్తిచేసింది. అంతవరకూ ఏ స్త్రీ చెయ్యలేదు. గర్భసంచి జారిపోతుందన్న కథలు అలాంటి వేగాల ముందు నిలవలేకపోయాయి. 1984లో గానీ ఆడవాళ్లకి ఒలింపిక్ మారథాన్ రాలేదు. ఇవాళ మనం మూడు గంటలు తీసుకుని 21 కిలోమీటర్లు పూర్తిచేసి మెడల్ మెళ్లో వేసుకుంటున్నామంటే, ఎవరో అంత వేగంగా పరిగెత్తి చూపించబట్టే.

ఇది చరిత్ర, దీనికి దణ్ణం పెట్టి ఊరుకోవచ్చు. అసలు చిక్కు మన ఊళ్లో, ఇప్పుడు ఉంది.

అపార్ట్‌మెంట్ కోర్టులో సాయంత్రం షటిల్ ఆడేవాళ్లు సింధు మ్యాచ్ వస్తే పని మానుకుని చూస్తారు. రాకెట్ పట్టడం రానివాళ్లు కూడా సానియా ఆట చూశారు. పరుగు విషయంలోనే, చేసేవాళ్లకి చూడాలని ఎందుకనిపించదు? టీవీలో రాదు, మెడళ్లు తక్కువ అంటారు. కొంత నిజమే. నాకు కనిపించే పెద్ద కారణం వేరు. మన దేశంలో సరదాకి పరిగెత్తేవాళ్లూ, బతుకుదెరువుకి పరిగెత్తేవాళ్లూ ఒక ఇంట్లో పుట్టరు. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2023లో, 2025లో ఆసియా ఛాంపియన్ అయిన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లల్లోనూ ఆస్పత్రిలోనూ పనిచేసింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన దీప్తి జీవాంజి తల్లిదండ్రులు వరంగల్ జిల్లా కల్లెడలో కూలిపని చేసినవాళ్లు. పిచ్చిది, కోతి అని ఊళ్లో వెక్కిరింతలు పడ్డ పిల్ల ఆమె. హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసర నందిని తండ్రి టీ అమ్మారు. మనం పరుగుకి బయల్దేరితే గేటు తీసేది అలాంటి తండ్రి. మనం తిరిగొచ్చేలోపు మన గిన్నెలు తోమి పెట్టేది అలాంటి తల్లి. వాళ్ల కూతురి వేగాన్ని కళ్లెత్తి చూడటం మనకి అలవాటు లేని పని. 'నా కోసం పరిగెడతాను' అనే వాక్యానికి కులం, వర్గం ఉన్నాయి. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో 800 మీటర్లు గట్టెక్కడానికి అదే గ్రౌండ్‌లో, మనకంటే ముందే వచ్చి సాధన చేసే ఆడపిల్లలు ఆ వాక్యం అనలేరు. వాళ్ల పరుగు ఇంటిల్లిపాది కోసం.

ఆ 800 మీటర్లలోనే 2006 దోహా ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది శాంతి సౌందరరాజన్. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాకి చెందిన దళిత స్త్రీ, ఇటుక బట్టీ కూలీల బిడ్డ. లింగ నిర్ధారణ పరీక్ష పేరు చెప్పి పతకం లాక్కున్నారు. తర్వాత ఆమె కూడా ఇటుక బట్టీ పనికి వెళ్లింది. 2014లో ఒడిశా నేత కుటుంబపు పిల్ల ద్యుతీ చంద్‌ని అదే రకం సాకుతో కామన్వెల్త్ క్రీడలకి పోనివ్వలేదు. ద్యుతీ కేసు వేసి, 2015లో ఆ నియమాన్ని నిలిపివేయించింది. ఆ పోరాటం తర్వాత ఏళ్లపాటు ఆమె శిక్షణ తీసుకున్నది మన హైదరాబాదులోనే. మన రన్నింగ్ గ్రూపుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరు? జెండర్ అనేది నిర్మాణమని సెమినార్లలో పేపర్లు చదివే మనలో ఎందరం? సిద్ధాంతమంతా ఒక మనిషి ఒంటి మీద జరుగుతోంది, మనం దాన్ని పుస్తకాల్లో వెతుక్కుంటున్నాం.

ఇప్పుడు అది ఇద్దరు ముగ్గురి సమస్య కూడా కాదు. ఆడవాళ్లందరికీ లింగ పరీక్ష చేసే పద్ధతిని ఒలింపిక్ కమిటీ 1999లో ఆపేసింది. 2025 సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలకి ప్రపంచ సమాఖ్య మళ్లీ పెట్టింది. చెంప లోపలి నుంచో రక్తం నుంచో నమూనా తీసి ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందో లేదో చూస్తారు. మహిళల విభాగంలో పరిగెత్తాలంటే అందరూ అందులో నెగ్గాల్సిందే. మగవాళ్లు మగవాళ్లేనా అని ఎవరూ అడగరు. ఈ నియమం మంచిదనేవాళ్లున్నారు, వాళ్లతో వాదించడానికి నేను సిద్ధం. వాదించడానికి మనిషే దొరకడం లేదు.

పారిస్ ఒలింపిక్స్ సంగతి చెప్తాను. 2024లో మొదటిసారి ఆడవాళ్ల మారథాన్‌ని ఆఖరి రోజున పెట్టారు. 1789లో రొట్టె కోసం వెర్సాయి కోటకి నడిచివెళ్లిన ఆడవాళ్ల జ్ఞాపకంగా ఆ దారినే ఎంచుకున్నారు. ఆగస్టు 11, ఆదివారం. మనకి ఉదయం పదకొండున్నర. మన పొడుగు పరుగు అయిపోయి, ఇడ్లీలు కూడా అయిపోయిన వేళ. ఇథియోపియా నుంచి పదిహేనేళ్లకి శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన సిఫాన్ హసన్, 5,000, 10,000 మీటర్లలో కాంస్యాలు గెలిచి, మళ్లీ ఈ పందెంలో టిగిస్ట్ అసెఫాని మూడు సెకన్ల తేడాతో దాటింది. అంతకు ముందేడు బెర్లిన్‌లో అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో పరిగెత్తినప్పుడు మనవాళ్లు మాట్లాడుకున్నది ఆమె తొడుక్కున్న షూ ధర గురించి. అదే పారిస్ పందెంలో 44వ స్థానంలో వచ్చిన ఉగాండా స్త్రీ రెబెకా చెప్తెగెయ్‌ని మూడు వారాలకే ఆమెతో కలిసి ఉన్నవాడు పెట్రోలు పోసి తగలబెట్టాడు. కెన్యాలో ఆమె తన సంపాదనతో కొనుక్కున్న స్థలం దగ్గర తగువు. 2021లో కెన్యాలోనే, రికార్డు పెట్టిన నెలరోజులకి, ఆగ్నెస్ తిరోప్ తన ఇంట్లో హత్యకి గురైంది. ఆమెకి పాతికేళ్లు. ఆడది కాళ్లతో సంపాదించి భూమి కొంటే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ వివరించక్కర్లేదు.

'అంతా మందుల మహిమ, ఎవర్ని నమ్మాలి' అన్నది చివరి అస్త్రం. నిజమే, 2024లో షికాగోలో 2:09:56 పరిగెత్తిన రూత్ చెప్నగెటిచ్ మీద మరుసటేడు మూడేళ్ల నిషేధం పడింది. ద్యుతీ మీద 2023లో నాలుగేళ్లది పడింది. అవినీతి ఉందని వార్తలు చదవడం మానేశామా? ఎవరిచ్చారు, ఎవరికి లాభం, పట్టుబడ్డాక జైలులాంటి ఖాళీలో మిగిలేది ఎవరు అని అడగాల్సింది మనమే. నాలుగు కిలోమీటర్ల దగ్గర ఊపిరి ఎలా తిరుగుబాటు చేస్తుందో ఒంటికి తెలిసినవాళ్లం మనం. స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతకి అది తెలియదు.

జన్యు పరీక్ష మీద మన అథ్లెటిక్స్ సమాఖ్యకి ఒక ఉత్తరం రాసి పెట్టాను, ఒకటిన్నర పేజీ. వచ్చే ఆగస్టులో మారథాన్ బిబ్‌లు ఇచ్చే చోట ఆడవాళ్ల వరసలో సంతకాలకి తిరుగుతాను. చదవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ వరస ఎలాగూ అంత తొందరగా కదలదు.