ఒకసారి కొన్న ఆటకి రెండోసారి టిక్కెట్టా?

మాటవరసకి ఒకటనుకుందాం. మీకు బాగా నచ్చిన సినిమా డిస్కు ఒకటి రొక్కం పోసి కొనుక్కున్నారు. బుద్ధి పుట్టినప్పుడల్లా వేసుకుని చూస్తున్నారు. మూడు నెలలు తిరిగేసరికి దాని రెండో భాగం విడుదలయింది. ఆ రాత్రి మీ పాత డిస్కు పెడితే అంతా వచ్చింది గానీ క్లైమాక్సు ఫైటు రాలేదు! దాని బదులు తెరమీద ఓ చీటీ: "రెండో భాగం కొన్నవారికే మొదటి భాగం క్లైమాక్సు చూసే భాగ్యం కలుగును."

అప్పుడేం చేస్తారు? ప్రొడ్యూసరుగారి ఇల్లెక్కడో వాకబు చేస్తారు. అవునా?

సినిమావాళ్ళు ఎన్ని ఎత్తులు వేసినా ఇంత పని మాత్రం చెయ్యలేదు. వీడియో గేముల వాళ్ళు చేశారు. ఈ వారం మన కబుర్లు దాని గురించే.

"సినిమా పత్రికలో ఈ గేముల గోల ఏమిటయ్యా?" అని పెద్దవాళ్ళు విసుక్కోవచ్చు. డబ్బు పందెం కాసే ఆటల సంగతి కాదండీ నేను చెప్పబోయేది. కథ, సంగీతం, నటులు, ఫైట్లు అన్నీ వుండి, మీ ఇంటి కుర్రాడు కంప్యూటరు ముందు అన్నం మరిచిపోయి ఆడే ఆటల సంగతి. వీటికీ సినిమాకీ చుట్టరికం లేకపోలేదు. ఉదాహరణకి అమెరికాలో బంగీ అనే కంపెనీ తీసిన 'డెస్టినీ 2' వుంది. 'జాన్ విక్' చిత్రాల్లో హోటలు కౌంటరు దగ్గర హుందాగా నిలబడే లాన్స్ రెడిక్ వున్నాడే, 2023లో పోయాడు పాపం, ఆయన గొంతు ఇందులో వుంది. నేథన్ ఫిలియన్, జీనా టోరెస్ కూడా ముఖ్యపాత్రలకి గొంతులిచ్చారు. తారాబలానికేం లోటు లేదు.

ఆ ఆట 2017 సెప్టెంబరులో విడుదలయింది. ధర 60 డాలర్లు. ఆనాటి మారకం లెక్కన దాదాపు 3,900 రూపాయలు. అందులో 'లెవియాథన్' అనే ఘట్టం ఒకటుంది. ఆరుగురు ఆటగాళ్ళు జట్టు కట్టి, గంటల తరబడి కుస్తీ పడితే తప్ప లొంగదు. అక్టోబరులో దానికే మరింత కఠినమైన రూపం, 'ప్రెస్టీజ్' అని పేరు పెట్టి, వదిలారు. ఆరితేరినవాళ్ళకి అదే క్లైమాక్సు. 60 డాలర్లిచ్చిన ప్రతివాడికీ అందులోకి వెళ్ళే హక్కుండేది.

డిసెంబరు 5న 'కర్స్ ఆఫ్ ఓసిరిస్' అని అదనపు భాగం వచ్చింది. ఆటగాళ్ళ భాషలో దీన్ని 'ఎక్స్‌పాన్షన్' అంటారు. ధర మరో 20 డాలర్లు. ఇక్కడిదాకా పేచీ లేదు. కొత్త కథ తీశారు, కొత్త ధర పెట్టారు. నచ్చినవాడు కొంటాడు, నచ్చనివాడు మానేస్తాడు.

తిరకాసు తర్వాత వుంది. ఈ ఆటలో ప్రతి ఆటగాడికీ 'పవర్' అని ఒక అంకె వుంటుంది. పాత ఆట ఒక్కటే వున్నవాడు 305 దాకా ఎక్కగలడు. కొత్త భాగం కొన్నవాడు 330 దాకా ఎక్కగలడు. కంపెనీవారు ఏం చేశారంటే, పాత ప్రెస్టీజ్ ఘట్టాన్ని తీసుకెళ్ళి 330 మెట్టు మీద కూర్చోబెట్టారు. అంటే నిన్నటిదాకా మీదే అయిన ఘట్టానికి ఇవాళ తాళం పడింది. తాళంచెవి ఖరీదు 20 డాలర్లు! మామూలు లెవియాథన్ ఆడుకోవచ్చు గానీ, కఠినమైనది మాత్రం నిషిద్ధం. దాన్ని గెలిస్తే వచ్చే బహుమతి ముద్ర కూడా కొత్త భాగం కొననివాళ్ళకి అందకుండా పోయింది.

ఆటగాళ్ళు ఊరుకుంటారా? లోకం గగ్గోలెత్తింది. బంగీవారు అదే నెలలో పొరపాటయిందని ఒప్పుకుని, ఆ ఘట్టాన్ని 300 మెట్టుకి దించి, తలుపు మళ్ళీ అందరికీ తీశారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకుందాం. కానీ ప్రశ్న మాత్రం మిగిలే వుంది. డబ్బు తీసుకుని అమ్మిన సరుకుని, ఇంకో సరుకు కొంటే తప్ప ముట్టుకోనివ్వననే అధికారం అమ్మినవాడికి వుందా?

తొందరపడి తీర్పు చెప్పకుండా కంపెనీల పక్షం కూడా వినడం ధర్మం. వాళ్ళు చెప్పేది మూడు మాటలు. ఒకటి, ఇది డిస్కులో గడ్డకట్టిన సినిమా కాదు, లక్షలమంది ఒకేసారి కలిసి ఆడే సంత. కొత్త అంతస్తు కట్టినప్పుడు మెట్ల ఎత్తులు మార్చక తప్పదు. రెండు, పాత ఘట్టాలని నడుపుతూ, మరమ్మతు చేస్తూ వుండడానికి ఏటేటా ఖర్చవుతుంది. మూడు, మొదట్లో మీరు చదవకుండా 'సరే' అని నొక్కిన ఒప్పందంలో ఈ మార్పులన్నిటికీ అనుమతిచ్చేశారు.

మొదటి రెండింటిలోనూ నిజముంది. కాదనను. అందుకే ఈ బేరాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మూడు రకాలుగా విడదీసి చూడాలి.

మొదటి రకం, కొత్త సరుకుకి కొత్త ధర. ఇందులో తప్పేమీ లేదు. 'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చింది. కట్టప్ప ఎందుకు పొడిచాడో తెలుసుకోవడానికి 2017లో మళ్ళీ టిక్కెట్టు కొన్నాం. ఎవరం ఏడవలేదు. పైగా క్యూలో నిలబడ్డాం.

రెండో రకం, అమ్మేటప్పుడే కొంత దాచుకోవడం. 2012లో కాప్‌కామ్ కంపెనీ 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' అనే మల్లయుద్ధం ఆట వదిలింది. జనం కొన్న డిస్కులోనే పన్నెండుమంది యోధులు తాళం వేసి పడుకుని వున్నారు. వాళ్ళని లేపాలంటే తర్వాత వేరే డబ్బు కట్టాలి. అందరి డిస్కులూ ఒకలా వుంటేనే కలిసి ఆడడం కుదురుతుందని కంపెనీ జవాబు. బీరువా అమ్మి, ఒక అర తాళంచెవి దగ్గర వుంచుకోవడంలాంటిదిది. చూడ్డానికి అసహ్యంగా వుంటుంది. అయినా ముందే స్పష్టంగా చెప్పి అమ్మితే కొనడం, మానడం మన ఇష్టం.

మూడో రకం, అమ్మేసి, డబ్బు లెక్కపెట్టుకుని, కొన్నాళ్ళు వాడనిచ్చి, తర్వాత లాక్కోవడం. ప్రెస్టీజ్ గొడవ ఈ బాపతు. దీనికి ఏ సమర్థనా నిలవదు. మెట్లు పెంచదలుచుకుంటే పాతవాళ్ళకి పాత మెట్టు అలాగే వుంచి, పక్కన కొత్తది కట్టొచ్చు. అది సాధ్యం కాని పనా అంటే, వాళ్ళే అదే నెలలో సరిదిద్ది చూపించారు! అంటే తాళం వెయ్యక తప్పని పరిస్థితేం కాదు, ముందు ఆలోచించకపోవడమే.

కథ అక్కడితో అయిపోతే బాగుండును. 2019 అక్టోబరులో ఆ మొదటి ఆటని ఉచితం చేశారు. 2020 నవంబరులో 'బియాండ్ లైట్' అనే మరో అదనపు భాగం వచ్చినప్పుడు ఏకంగా మొదటి కథ 'రెడ్ వార్' మొత్తాన్నీ, ఓసిరిస్ కథనీ, లెవియాథన్‌నీ తీసి ఖజానాలో పెట్టేశామన్నారు. ఆట సైజు వంద గిగాబైట్లు దాటిందనీ, మోయలేకపోతున్నామనీ కారణం చెప్పారు. 'ఫర్‌సేకెన్' అనే భాగానికి 2018లో 40 డాలర్లు వసూలు చేశారు. 2022 ఫిబ్రవరిలో దాని కథ కూడా ఖజానాకి వెళ్ళింది. ఆ ఏడాది ఆగస్టులో గానీ ఇకమీద అదనపు భాగాలని అలా తియ్యబోమని మాటివ్వలేదు. మాట మంచిదే. పోయిన నలభై డాలర్ల మాటేమిటి?

దీనికి కొసమెరుపు కోర్టులో దొరికింది. రెడ్ వార్ కథ నాదేనంటూ ఒక రచయిత అమెరికాలోని లూసియానాలో బంగీ మీద దావా వేశాడు. కథచౌర్యం ఆరోపణలు మన చిత్రసీమకి కొత్తేం కాదు లెండి. నిజానిజాలు అటుంచండి. దావా కొట్టెయ్యమని అడగడానికి కంపెనీ తన ఆటనే కోర్టుకి చూపించాలి కదా! చూపించలేకపోయింది. ఖజానాలో పెట్టినదాన్ని ఇప్పటి యంత్రాలమీద ఆడించడం కుదరదంది. దాని బదులు జనం యూట్యూబులో పెట్టుకున్న వీడియోలు సమర్పించింది. 2025 మే నెలలో జడ్జిగారు వాటిని లెక్కలోకి తీసుకోనని, దావా కొట్టెయ్యడానికి నిరాకరించారు. చూశారా విడ్డూరం! తీసినవాడే చూపించలేని బొమ్మని, కొన్నవాడు ఎక్కడ చూసుకుంటాడు?

ఇక మిగిలింది ఆ మూడో మాట, ఒప్పందం. "మీరు కొన్నారనుకుంటున్నారు గానీ, వాడుకోడానికి అనుమతి మాత్రమే తీసుకున్నారు" అంటారు. మరి దుకాణంలో బొత్తాం మీద 'కొనండి' అని ఎందుకు రాశారు? సరిగ్గా ఈ ప్రశ్నే కాలిఫోర్నియావాళ్ళు వేశారు. 2025 జనవరి 1 నుంచి అక్కడ అమలులోకొచ్చిన చట్టం ప్రకారం, అమ్మేది అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి తేటగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అనే మాట వుంది. తగిన కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా రద్దు చేసుకునే వీలున్న ఒప్పందం ఆ లెక్కలోకి వస్తుంది. అలాంటి ఫిర్యాదు రాష్ట్ర కమిషన్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. హైదరాబాదు కుర్రాడు 'సరే' అని నొక్కేవీ ఇలాంటి ఒప్పందాలే గనక ఈ మాట గుర్తుపెట్టుకోవడం మంచిది.

చెప్పొచ్చేదేమిటంటే, కంపెనీలు కొత్త భాగాలు తియ్యొద్దని ఎవరూ అనరు. తియ్యండి, బాగా తియ్యండి, మంచి ధరకే అమ్ముకోండి. కళాకారులూ ఇంజనీర్లూ నెలల తరబడి కష్టపడితే గానీ ఒక ఘట్టం తయారవదు. ఆ కష్టానికి కూలి న్యాయమే. కానీ ఆ కొత్త భాగం తన సత్తామీద అమ్ముడుపోవాలి. పాత సరుకుని బందీగా పట్టుకుని బేరమాడితే అది వ్యాపారం కాదు, వసూలు.

తల్లిదండ్రులకి ఒక్క ముక్క. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో "నాన్నా, ఎక్స్‌పాన్షన్ కొనిపెట్టవా?" అనడిగితే విసుక్కోకండి. "ఇది కొనకపోతే నీ దగ్గరున్నది నీకు మిగులుతుందా?" అని ఎదురడగండి. మిగులుతుందంటే డబ్బు సంగతి ఆలోచించండి. మిగలదంటే మాత్రం పర్సు తియ్యకండి. అలాంటి పర్సులు నాలుగు మూతబడితేనే కంపెనీల తాళాలు తెరుచుకుంటాయి. 2017 డిసెంబరులో తెరుచుకున్నది జనం గగ్గోలు పెట్టడం వల్లనే గదా!