కొండకవతల పాట



పార్వతీపురం దాటి కొండెక్కితే రాయగడ. అదీ దాటితే కొరాపుట్. ఆ జిల్లాలో టెంటులిపదర్ అనే ఊరి కుర్రాడు సుమీత్ సామోస్. వెనక సినిమా కంపెనీ లేదు, పెట్టుబడి పెట్టే షావుకారూ లేడు. తానే రాసుకుంటాడు, తానే పాడుకుంటాడు. ఒడియా, హిందీ, ఇంగ్లీషు ఏదొస్తే అది. ఏ హీరో ఏ పాటకి గెంతాడో సాయంత్రానికల్లా మన పేటలన్నిటికీ తెలిసిపోతాది. పక్క కొండ మీదోడి పాట మాత్రం మన చెవిన పడటానికి ఇన్నేళ్ళు పట్టింది.

సుమీత్‌ది డోమ్ కులం. మన రాష్ట్రం ఎస్సీ జాబితా తీసి చూడండి. డోమ్, డోంబర, పైడి, పానో నలుగురూ ఒకే వరసలో ఉంటారు. మన పైడోళ్ళకి అతనేటవుతాడో వేరే చెప్పక్కర్లేదు. ఢిల్లీ జేఎన్‌యూకి చదువుకోడానికెళ్తే కులం అక్కడా ఎదురొచ్చింది. దాని మీదే పాట కట్టాడు. 'లడాయి సీఖ్ లే' అన్నాడు, పోరాటం నేర్చుకో అని. 2021లో ఆక్స్‌ఫర్డ్‌లో సీటొస్తే ఫీజుకి జనమే చందాలేసి పంపారు.

అతను పాడేది ర్యాప్. పెద్దోళ్ళు వింటే "ఇదేటర్రా, పాటా? తగువా?" అంటారు. 1970లలో న్యూయార్కులో, బ్రాంక్స్ అనే పేదల పేటలో నల్లజాతి కుర్రాళ్ళు పుట్టించిన విద్య ఇది. రాగం తక్కువ, మాట ఎక్కువ. దరువు మీద మాటని దబదబా వాయించడమే. తాతల నాటి నుంచి డప్పు కొట్టినోళ్ళకి ఇందులో కొత్తేటుంది?

ఒకటి మాత్రం అనాలి. సుమీత్ పాటలో యూనివర్సిటీ గొడవే ఎక్కువ. కూలి, వలస, భూమి, ఆ పాటలు మనమే కట్టుకోవాలి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మద్దువలస రిజర్వాయరు భూముల తగువులో మాలల మీద దాడి చేశారు. అయిదుగురి ప్రాణాలు పోయాయి. ఆ అయిదు పేర్లూ దరువు మీద చెప్పే గుంటడు గానీ గుంట గానీ మన పేటల్లో లేరా?

ఉంటారు. ఉన్నా ఇంకో గండముంది. తమిళనాట అరివు అనే దళిత పాటగాడు 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' రాసి పాడాడు. సింహళంలో తేయాకు తోటల్లో తన అవ్వ పడ్డ చాకిరీ అందులో ఉంది. పాట దేశాలు దాటింది. ఆ ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక అట్ట మీద మాత్రం వేరే పాటగాళ్ళ బొమ్మలే వేశారు, అతని బొమ్మ లేదు. పా. రంజిత్ లాంటోళ్ళు నిలదీశాకే అరివుకి వేరే అట్ట వచ్చింది. పేరున్నోడికే ఇలాగైతే మన మీటింగుల్లో పాడేవోడి గతేటి? ఎవడో ఫోన్లో పట్టుకుపోతాడు, కింద 'జానపదం' అని రాసేస్తాడు. ఆ ఒక్క ముక్కతో కట్టినోడి పేరూ పోయింది, డబ్బూ పోయింది.

చట్టం అంత గుడ్డిది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట కట్టినోడికి బతికినంత కాలం, పోయాక మరో 60 ఏళ్ళు హక్కుంటాది. రిజిస్ట్రేషన్ లేకపోయినా ఉంటాది. కానీ కట్టినోడు ఫలానా అని రుజువు కావాలి. అందుకని ప్రతి ఊరి సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలి. పాట, కట్టినోళ్ళ పేరు, ఊరు, తారీఖు, ఇద్దరు సాక్షుల సంతకాలు. వేలిముద్ర వేసే అమ్మలున్నారు, వాళ్ళ పాటలు ముందు రాయండి. ఏప్రిల్ 14 సభల్లో మైకు అందుకున్నవాళ్ళు పాటకి ముందు ఆ పేరూ ఊరూ చెప్పాలి.